పురుషోత్తమ చౌదరి: విడిచినవి, నిలుపుకొన్నవి

తెనుగు క్రైస్తవుల కీర్తనల గ్రంథమును తెరచి చూచినవారికి ఒక విశేషము వెంటనే కానవచ్చును. అందలి అనేక కీర్తనలకు పైన రాగము పేరు, తాళము పేరు అచ్చువేయబడి యుండును. పల్లవి, అనుపల్లవి, చరణములు వరుసగా నడచును. క్రీస్తునాథుని శరణు వేడు ఆ పాటలు కట్టుబాటున భద్రాచల రామదాసు, త్యాగరాజు నడచిన బాటలోనివే. పాశ్చాత్య దేశముల పాటలను తెనుగు మాటలలోనికి మార్చి, ఆ దేశపు వరుసలలోనే పాడునవియు ఆ సంపుటమున గలవు. కాని పల్లెటూళ్లలో పుస్తకము చేతలేకయే పాడబడునవి, చావు బ్రతుకులలో జనుల నోటికి తమంతట వచ్చునవి, చాలవరకు మొదటి తెగలోనివి. ఆ తెగకు ఆద్యులని చెప్పదగినవారు పురుషోత్తమ చౌదరిగారు. వారి కీర్తనలు నూటికి పైబడియున్నవి. పాడువారు లక్షలు, పాడించినవాని చరిత్ర నెరిగినవారు కొలదిమంది.

చౌదరిగారు 1803వ సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీన, నాటి గంజాము మండలములోని పర్లాకిమిడి తాలూకాలో మదనాపురమను గ్రామమున జన్మించిరి. తండ్రి కూర్మనాథ చౌదరి, తల్లి సుభద్రాదేవి. వీరి పూర్వులు వంగదేశమునుండి వచ్చి ఆ సీమలో స్థిరపడిన బ్రాహ్మణులు. అందుచేత ఒడ్రభాషయు తెనుగును వారికి రెండు కన్నులవలె అమరినవి. సంస్కృతము కులవిద్య. నేడు పర్లాకిమిడి ఒడిశాలోనిది, శ్రీకాకుళము ఆంధ్రప్రదేశములోనిది. 1936లో ఒడిశా రాష్ట్రము వేరుపడినప్పుడు గీచిన గీత అది. చౌదరిగారి కాలమున రెండును మదరాసు రాజధానికి చెందిన ఒకే మండలమున నుండెను. నడుమ వంశధార తప్ప వేరొక సరిహద్దు లేదు.

ఆ కుటుంబములోని పేర్లను ఒక్కసారి గమనింపవలెను. శ్రీకాకుళమునకు సమీపమున సముద్రతీరమందున్న శ్రీకూర్మ క్షేత్రమున వెలసిన దైవము కూర్మనాథుడు. పూరీ దేవాలయమున జగన్నాథ బలభద్రుల నడుమ కొలువుతీరిన సోదరి సుభద్ర. ఆ పూరీకే పురుషోత్తమ క్షేత్రమని మరియొక నామము. తండ్రి, తల్లి, కుమారుడు, ముగ్గురి నామములలో శ్రీకూర్మము మొదలు పూరీ వరకు గల తీర్థయాత్ర బాట అంతయు ఇమిడియున్నది. అట్టి యింట పుట్టిన బాలునకు మతము ఆలోచించి యెంచుకొనవలసిన వస్తువు కాదు. అది పీల్చు గాలి, త్రాగు నీరు. వేకువజామున అరసవిల్లి సూర్యభగవానుని తలచుకొనుట, ఏకాదశికి ఉపవాసము, రథయాత్రకు పోవు జనసమూహమునకు గ్రామముల వెంట అన్నోదకము లిచ్చుట, ఇవి యన్నియు ఆ సీమలో ఎవరును నేర్పకయే వచ్చు విద్యలు. కావున దీనినుండి కదలిన మనుష్యుడు ఒక అభిప్రాయమును మార్చుకొన్నాడని మాత్రమే చెప్పినచో అది అతని కథలో వేయవపాలు కూడ కాదు.

మార్పునకు మొదటి కారణము అచ్చుకాగితము. 1805లో లండను మిషనరీ సమాజమువారు జార్జి క్రాన్, అగస్టస్ డే గ్రాంజ్ అను నిరువురిని విశాఖపట్టణమునకు పంపిరి. ఆనందరాయరు అను బ్రాహ్మణ క్రైస్తవుని సాయమున డే గ్రాంజ్ సువార్తలను తెనిగించెను. 1812లో, వంగదేశమునందలి శ్రీరామపురపు ముద్రాక్షరశాలలో మూడు సువార్తలు తెనుగున అచ్చుపడెను. 1820వ సంవత్సరమునకు పూర్వమే ప్రిట్చెట్ అను మరియొక మిషనరీ చేసిన క్రొత్త నిబంధన అనువాదము మదరాసులో వెలువడెను. ఆ గ్రంథముల భాష నేటి పాఠకునకు కటువుగ తోచును; నాటి పండితునకు అంతకంటె కటువుగ తోచి యుండును. అయినను తాళపత్రములకే అలవాటుపడిన దేశమున, చేతిలో నిముడు చిన్న అచ్చుపుస్తకము తనంతట తానొక వింత. వాటిని మిషనరీలు సంతలలోను, తీర్థములలోను పంచుచుండిరి. ఉత్తరమున కటకములో 1822 మొదలుకొని ఇంగ్లండునుండి వచ్చిన జనరల్ బాప్తిస్టులను వేరొక శాఖవారు ఒడ్రభాషలో ఇదే పని సాగించుచుండిరి. విశాఖ తెనుగు కరపత్రము, కటకపు ఒడ్ర కరపత్రము, ఈ రెండు ప్రవాహములకు నడుమ గంజాము మండల మున్నది. ఆ రెండు భాషలును చదువగల యువకుడు చౌదరిగారు.

చదువుటతో విశ్వాసము కలుగదు. ఆ పుస్తకములను చదివినవారు వేలు. అందులో అత్యధికులు చదివి ప్రక్కన బెట్టిరి. చౌదరిగారి మనస్సును పట్టినది పాపమును గూర్చిన ప్రశ్న. ఈ సంగతి వారి కీర్తనలనుబట్టియే స్పష్టము. మనుష్యుడు తన దోషమును తానే కడుగుకొనగలడా, కడుగువాడు మరియొకడు కావలయునా అను విచారము వారి రచనల యందంతట మరల మరల వచ్చుచుండును. వ్రతములు, స్నానములు, దానములు, జపములు, వీటిలో ఏది ఎంత చేసిన చాలునో లెక్క తేలని బాధ ఒకటి. ఆ ఋణమును వేరొకడు తీర్చెనను మాట యొకటి. ఈ రెండింటి నడుమ వారు చాలకాలము నిలిచి యుండిరి. శ్రీకాకుళమున హెలెన్ నాట్ అను క్రైస్తవ వనిత యుండెడిది. ఆమెతోడి పరిచయము వారి విచారమునకు తోడ్పడినది. పుస్తకము చెప్పునది మనుష్యుల బ్రతుకులో ఎట్లుండునో చూడవలెనన్నచో ఒక మనుష్యుని చూడవలసినదే కదా.

కాలము కూడ నెమ్మదియైనది కాదు. 1832 మొదలు 1834 వరకు పర్లాకిమిడి జమీందారీలోను, పాలకొండలోను కుంఫిణీ ప్రభుత్వముపై అలజడులు చెలరేగెను. వాటిని అణచుటకు జార్జి రస్సెల్ అను ప్రత్యేకాధికారిని సైన్యముతో పంపిరి. సైనిక చట్టము నడచినది. పాలకొండ జమీ ప్రభుత్వపరమైనది. ఊళ్లు కాలుచుండ, దొరల సిపాయీలు కొండదారులు త్రొక్కుచుండ, అదే దొరల మతమును ఒక బ్రాహ్మణుడు చేపట్టుట ఇరుగుపొరుగులకు ఎట్లు కనబడియుండునో ఊహింపవచ్చును. విశ్వాసమునకును విధేయతకును భేదము చూడగల ఓపిక అట్టి దినములలో ఎవరికి నుండదు. దొరలవలన లాభము కోరి మారెనను అపవాదు నాడు మతము మారిన ప్రతివానికి తప్పనిది.

లాభమెంతయో చూతము. నాటి ధర్మశాస్త్ర మర్యాద ననుసరించి కులభ్రష్టుడైనవానికి పిత్రార్జితములో భాగము లేదు. వంగ రాజధానిలో 1832వ సంవత్సరపు 7వ రెగ్యులేషను ఈ విషయమున కొంత రక్షణ కలిగించెను గాని అది మదరాసు రాజధానికి వర్తింపదు. దేశమంతటికి అట్టి రక్షణ 1850వ సంవత్సరపు 21వ చట్టముతో గాని రాలేదు. భార్య వెంటరానిచో ఏమి గతియో చెప్పు చట్టము 1866 వరకు లేనేలేదు. ఆచారమందురా, ధర్మభ్రష్టుడైనవానికి బ్రతికియుండగనే ఘటశ్రాద్ధము పెట్టి, ఆ వంశమునకు వాడు మృతుడని నిశ్చయించుట గలదు. తల్లిదండ్రులకు తలకొరివి పెట్టు హక్కు పోవును. బావిలో నీరు తోడుకొను హక్కు పోవును. కట్టుకొన్న యిల్లాలు రాధామణీదేవి, నాటి న్యాయము ప్రకారము, ఏ స్థితిలో నుండునో చెప్పుట కష్టము: భర్త యుండగనే భర్త లేనిది. ఇది చౌదరిగారి ముందున్న లెక్క. దీనికి బదులుగా మిషనరీలు ఈయగలిగినది ఒక బోధకుని స్వల్పవేతనము మాత్రమే.

నమ్మితినని మనసులో అనుకొని ఊరకుండు మార్గము ఒకటి యుండెను. దానిని త్రొక్కినవారు నాడు చాలమంది గలరు. ఇంట పూజ సాగించుచు, రహస్యముగ సువార్త చదువుచు, మరణసమయమున మాత్రము క్రీస్తు నామము తలచుకొనినవారిని గూర్చి మిషనరీల వ్రాతలలో తరచు కనబడును. వారిని తక్కువచేసి మాటలాడుట సులభము. వారి స్థానమున నిలుచుట కష్టము. చౌదరిగారికి మాత్రము ఆ మార్గము పొసగలేదు. తాను నమ్మినది సత్యమైనచో అది జందెమును, పంక్తిని, పెరటిబావిని కూడ ముట్టవలెనని వారు నిశ్చయించుకొనిరి. ఇచ్చటనే వారి జీవితము చదువరి జీవితమునుండి వేరుపడినది.

ఇక రెండవ ప్రశ్న. క్రైస్తవుడగుట యన్న ఏ క్రైస్తవుడగుట? విశాఖపట్టణము దగ్గర. అచ్చటి లండను మిషనువారు శిశువులకును బాప్తిస్మ మిచ్చువారు; నీరు చిలుకరించిన చాలునని వారి మతము. కటకములోని బాప్తిస్టులు తెలిసి నమ్మినవారికే, అదియు నీట ముంచియే, బాప్తిస్మము చెల్లునను వారు. అందును వారు జనరల్ బాప్తిస్టులు. క్రీస్తు మరణము ఎన్నుకొనబడిన కొందరికొరకు గాక సర్వజనులకొరకని వారి నమ్మిక. శ్రీరామపురములోని కేరీ మొదలగువారిది ఈ విషయమున వేరొక శాఖ. గంజాము మండలములోని పాఠకునకు ఈ తేడాలు పరదేశపు దాయాదుల తగవులవలె తోచుట సహజమే. కాని అన్నిటిని విడిచి వచ్చువానికి అవి చిన్నవి కావు. తెలిసి, తలచి, తనంతట నీటిలోనికి దిగుటయే బాప్తిస్మమను మాట, పుట్టుకతో వచ్చిన మతమును పోగొట్టుకొనుచున్న వానికి సూటిగ తగిలి యుండును. పుట్టుకచేత బ్రాహ్మణుడైనవాడు పుట్టుకచేత గాక ఎన్నికచేత క్రైస్తవు డగుచున్నాడు.

కారణములన్నియు కలసి, చౌదరిగారు ఉత్తరమునకు బయలుదేరిరి. శ్రీకాకుళమునుండి కటకము 200 మైళ్లకు పైబడిన దూరము. నాడు రైలు లేదు. ఈ తీరమున రైలు పడినది వారు మరణించిన తరువాతనే. ఇచ్ఛాపురము, బరంపురము, గంజాము దాటి, చిలుకసరస్సు నొరసికొని పోవు ఆ బాట యాత్రికుల బాట. జగన్నాథ దర్శనమునకై తెనుగు దేశపు జనులు తరతరములుగ నడచిన దారి అది. ఆ కాలమున పూరీలో యాత్రికులనుండి కుంఫిణీ ప్రభుత్వమే పన్ను వసూలు చేయుచుండెను. 1840లో గాని ఆ పన్ను ఎత్తివేయబడలేదు. అదే దారిని, ఆ క్షేత్రపు పేరే పెట్టుకొన్న బ్రాహ్మణుడు, క్షేత్రము నుద్దేశింపక నడచిపోయెను.

1833వ సంవత్సరము అక్టోబరు 6వ తేదీన కటకములో చౌదరిగారు బాప్తిస్మము పొందిరి. వారికి అప్పటికి ముప్పది యేండ్లు నిండి ఒక మాసమైనది. కటకపు సంఘమునందు అంతకు ఐదేండ్లకు ముందే, 1828లో, గంగాధరుడను ఒడ్ర బ్రాహ్మణుడు బాప్తిస్మమంది బోధకుడైయుండెను. కావున అచ్చట చౌదరిగారు ఒంటరివారు కారు. తనవలెనే పాండిత్యమును పంక్తిని కలిగియుండి, పంక్తిని విడిచినవాని ప్రక్కన కూర్చుండగలిగిరి.

కులము విషయమున ఆ సంఘమువారి పట్టు గట్టిది. కులము నుంచుకొని క్రైస్తవుడగుట వారియొద్ద కుదరదు. యజ్ఞోపవీతము తీయవలెను, అందరితో కలసి భుజింపవలెను. ఇది అన్ని మిషనులకు సమానమైన నియమము కాదని నేటివారు మరచుచుందురు. తంజావూరు ప్రాంతపు పాత సంఘములలో దేవాలయమందు కూర్చుండుటకు, ప్రభురాత్రి భోజనమునకు కూడ వర్ణభేదము పాటింపబడుచుండెను. చౌదరిగారు బాప్తిస్మమందిన ఆ 1833లోనే, జూలైమాసమున, కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ కులభేదమును సంఘములనుండి తొలగింపవలెనని ఆజ్ఞాపత్రము పంపెను. దానితో దక్షిణాదిని పలువురు సంఘములను విడిచిపోయిరి. కాబట్టి ఈ ప్రశ్న నాడు మంటమీదనున్న ప్రశ్న. చౌదరిగారు ఏ పక్షము వహించిరో వారి బ్రతుకే చెప్పుచున్నది. తరువాత కులాచార పరీక్ష అను గ్రంథము వ్రాసి కలముతోను చెప్పిరి. పైవర్ణమునం దుండి, పోగొట్టుకొనవలసినది తనదే యైయుండి, కులమును ఖండించినవాని మాటకు గల బరువు వేరు.

రాధామణీదేవిని గూర్చి రెండు మాటలైనను చెప్పక విడుచుట న్యాయము గాదు. మహనీయుల చరిత్రలలో భార్యలు తలుపు చాటుననే నిలిచిపోవుదురు. భర్త యేమి నమ్మెనో పరిశీలించుటకు ఆయనకు ఏండ్లు దొరకినవి, పుస్తకములు దొరకినవి, మాటలాడుటకు మనుష్యులు దొరకిరి. ఆమెకు దొరకినది ఒక వార్త. పుట్టింటివారొక వైపు, లోకాపవాదమొక వైపు, దూరదేశమున జందెము తీసివేసిన భర్త యొక వైపు. ఆమె తుదకు భర్తను చేరి ఆ విశ్వాసమునే స్వీకరించినది. వారి సంతానము క్రైస్తవులుగ పెరిగి, కుమారుడు కూడ బోధకుడయ్యెను. ఆమె తీసికొన్న నిర్ణయము భర్త నిర్ణయముకంటె చిన్నదని ఎవరు చెప్పగలరు?

బాప్తిస్మానంతరము చౌదరిగారు బోధకులై స్వసీమకు మరలిరి. ఊరు విడిచి దూరమున బ్రతుకుటకు కటకములో అవకాశమున్నను, తన్నెరిగినవారి నడుమకే వచ్చుట విశేషము. శ్రీకాకుళము, పర్లాకిమిడి, విశాఖపట్టణము మొదలగు ప్రదేశములలోను, ఇంకను దక్షిణమునను వారు చిరకాలము తిరిగి బోధించిరి. పిమ్మట పాదిరి పట్టమును పొందిరి. 1836లో అమెరికా బాప్తిస్టులు పంపిన శామ్యూల్ డే అను మిషనరీ విశాఖపట్టణమునకు, అచ్చటనుండి శ్రీకాకుళమునకు వచ్చి, తరువాత మదరాసు మీదుగా 1840లో నెల్లూరు చేరెను. 1870 తరువాతి దశాబ్దమున కెనడా బాప్తిస్టులు వచ్చి బిమిలిపట్టణము, శ్రీకాకుళము, బొబ్బిలిలందు నెలకొనిరి. విజయనగరమున లండను మిషనువారి పని అదివరకే యుండెను. ఈ సమాజము లెన్ని వచ్చినను, ఎన్ని పోయినను, వానికి వానికి ఎన్ని భేదములున్నను, అన్నిటను పాడబడినవి ఒక్కని పాటలు.

ఆ పాటలయొద్ద కొంతసేపు నిలువవలెను. చౌదరిగారు క్రైస్తవులైన నాటికి తంజావూరు సీమలో త్యాగయ్య సజీవుడు. 1847లో గాని ఆ మహానుభావుడు దివంగతుడు కాలేదు. విజయనగర సీమయు సంగీతమునకు పుట్టినిల్లు. ఆదిభట్ల నారాయణదాసు 1864లో ఆ సీమలోని అజ్జాడలోనే పుట్టెను. అట్టి దేశమున, జనుల చెవి రాగతాళములకు తీర్చబడియున్న చోట, దైవమును పాడుటకు పరదేశపు వరుసలను అరువు తెచ్చుకొనవలెనా? చౌదరిగారికి ఇది సంగీతపు ప్రశ్న మాత్రమే కాదు. కులమును విడువవలెనని నమ్మిరి, విడిచిరి. విగ్రహమును విడువవలెనని నమ్మిరి, విడిచిరి. రాగమును విడువవలెనా? ఛందస్సును? సంస్కృత సమాసమును? ఇవియు ఆ పాత మతముతో పెనవేసికొన్నవే. కీర్తన యన్న రూపమే భక్తుల యింట పుట్టినది. విశ్వాసము మారినపుడు ఏది పోవలె, ఏది నిలువవలె నను విషయమున వారికి సాయపడగల మిషనరీ లేడు. మిషనరీలకు ఆ సంగీతమే తెలియదు.

వారు నిలుపుకొనిరి. కీర్తనలే కాక, యేసు నాయక శతకమును పద్యములలో వ్రాసిరి. శతకమన్న తెనుగు పిల్లవాడు బడిలో మొట్టమొదట కంఠస్థము చేయు రూపము. నిస్తార రత్నాకరము అను గ్రంథనామములోని నిస్తారము అను మాట వంగ, ఒడ్ర క్రైస్తవుల నోట మోక్షార్థమున ప్రసిద్ధమైనది. దాటుట యని దాని మూలార్థము. ఈ భవసాగరమును దాటించుమని అడుగు భక్తుని మొర తెనుగువానికి క్రొత్తది కాదు. క్రొత్తది దాటించువాని పేరు, దాటించిన విధము.

ఇందొక చిక్కు లేకపోలేదు. ముక్తి యన్న పునర్జన్మ లేకుండుట అని ఒక శ్రోత వినును. పాపమునుండియు దండననుండియు విడుదల యని పాడువాడు తలచును. అవతారమన్నచో పదింటిలో నొకటి యని వినువాడు లెక్కపెట్టుకొనును. ఒక్కమారే జరిగినదని పాడువాని మతము. పాత మాటలు పాత అర్థములను వెంటబెట్టుకొని వచ్చును. క్రొత్త మాటలు కల్పించినచో ఎవరికిని గుండెకు తగులవు. చౌదరిగారు పాత మాటలనే గ్రహించి, చరణముల నిండ క్రీస్తు కథను, సిలువను, రక్తమును, క్షమను నింపి, ఆ మాటల బరువు మెల్లమెల్లగా మరియొక ప్రక్కకు ఒరగునట్లు చేసిరి. త్రాహి యని మొరపెట్టు వారి ప్రసిద్ధ కీర్తనను విన్నవారికి ఇది తెలియును. పిలుపు పాతది, పిలువబడినవాడు వేరు. ఒక భాషలో నమ్ముట యన్న ఇట్టిది కాబోలు. ఉపాధ్యాయులు తెనుగు కీర్తన వాఙ్మయమును బోధించునపుడు అన్నమయ్య, క్షేత్రయ్య, రామదాసు, త్యాగయ్యలతో ఆపివేయుట వాడుక. ఈ శాఖను కూడ జతపరచినచో ఆ రూపమునకు గల శక్తి విద్యార్థులకు మరింత బోధపడును.

చౌదరిగారు వాదగ్రంథములును వ్రాసిరి. అందు పూర్వమతాచారములపై చేసిన ఖండన తీవ్రమైనది. ఆ కాలమున ఉభయపక్షముల వాదములును అట్లే యుండెడివి. తాను విడిచివచ్చిన యింటిని గూర్చి వ్రాయునపుడు ఎంతటి వానికిని స్వరము కొంత హెచ్చును. ఆ గ్రంథములు నేడు గ్రంథాలయములలోని బీరువాలను దాటి వచ్చుట అరుదు. వాదించిన పురుషోత్తముని కాలము మరుగుపరచినది, పాడిన పురుషోత్తముని మిగిల్చినది. ఇది న్యాయమైన తీర్పే. ఏమన, వాదమున వారు ఎదుటివానితో మాటలాడిరి. పాటలో తన దోషములను గూర్చియే మాటలాడిరి.

పేరును గూర్చి ఒక మాట. బాప్తిస్మమందినవారు యోహాననియు, పౌలనియు, దావీదనియు బైబిలు పేర్లు పెట్టుకొనుట నాడు తరచు జరుగుచుండెను. చౌదరిగారు పురుషోత్తమ చౌదరిగనే జీవించిరి, పురుషోత్తమ చౌదరిగనే కీర్తనలకు కర్తయైరి. జగన్నాథుని నామము క్రైస్తవుల కీర్తనల గ్రంథమున, కర్తల పట్టికలో, ఈనాటికిని నిలిచియున్నది. పురుషులలో ఉత్తముడను ఆ మాటకు వారు ఏ అర్థము చెప్పుకొనిరో గాని, తల్లిదండ్రులిచ్చినదానిలో విడువనవసరము లేనిదానిని వారు విడువలేదు.

వారి వార్ధక్యమున తెనుగుదేశపు క్రైస్తవ సంఘము రూపమే మారిపోయెను. 1876 మొదలు 1878 వరకు దక్షిణాపథమును పీడించిన మహాక్షామము వెనువెంట, ఒంగోలు ప్రాంతమున మాల, మాదిగ కుటుంబములు వేలకువేలుగ సంఘమున చేరెను. 1878 జూలై 3వ తేదీన, గుండ్లకమ్మ యొడ్డున, ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మమందిరి. తరతరములుగ దేవాలయ ద్వారము దాటనీయబడని జనము వారు. శాస్త్రీయ రాగమును దూరమునుండి వినుటయే గాని నోట పలుక నోచనివారు. వారి చేతికి వచ్చిన పాటలలో పర్లాకిమిడి బ్రాహ్మణుని కీర్తనలు ముఖ్యమైనవి. మాలపల్లెలలో, గడ్డికప్పు ప్రార్థనశాలలలో, చదువురాని కూలీలు సంస్కృత సమాసములతో కూడిన చరణములను రాగము తప్పక పాడసాగిరి. పలుకుబడి కొంచెము మారి యుండవచ్చును, తాళము చిడతలమీదికి దిగి యుండవచ్చును, పాట నిలిచినది. కులాచారమును పరీక్షించి వ్రాసిన గ్రంథము చేయలేని పనిని ఆ పాటలు కొంతవరకు చేసినవి.

1890వ సంవత్సరము ఆగస్టు 24వ తేదీన, ఎనుబదియేడవ జన్మదినమునకు పండ్రెండు దినములు ముందుగా, పురుషోత్తమ చౌదరిగారు పర్లాకిమిడిలో కన్నుమూసిరి. పుట్టిన తాలూకాలోనే, మహేంద్రతనయ యొడ్డున, తన్ను ఒకనాడు కులమునుండి వెలివేసిన సీమలోనే వారి ప్రాణము పోయినది. బాప్తిస్మమందిన నాటినుండి అప్పటికి ఏబదియేడు సంవత్సరములు గడువవచ్చెను.